క్రియాటినిన్ కింద ఇంకొక్క అంకె వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మన జిల్లాలో డయాలసిస్ మిషన్లు చాలడం లేదని మీ పత్రికలో తరచూ రాస్తున్నారు. మిషన్లు కావాలి, కాదనను. మా అమ్మ వారానికి మూడు రోజులు ఆ మిషన్‌నే నమ్ముకుని ఉంది. ఒక్క మిషన్ రిపేరుకొస్తే ఎన్ని ఇళ్లల్లో టెన్షన్ మొదలవుతుందో నాకు బాగా తెలుసు. కానీ మనిషి ఆ మంచం దాకా చేరడానికి ముందు ఎనిమిదేళ్లో పదేళ్లో గడుస్తాయి. ఆ ఏళ్ల గురించి ఎవరూ రాయడం లేదు. మా అమ్మ విషయంలో ఆ ఏళ్లన్నీ నా చేతుల మీదుగానే పోయాయి. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడవైతే మన్నించండి.

నేను గుత్తిలో ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో టెక్నీషియన్ని. 22 ఏళ్లుగా ఇదే పని. పొద్దున ఏడింటికి షట్టర్ ఎత్తేసరికి పరగడుపున వచ్చినవాళ్లు మెట్ల మీద కూర్చుని ఉంటారు. రక్తం తీయడం, సెంట్రిఫ్యూజులో తిప్పడం, పైకి తేలిన సీరం అనే తేట ద్రవం తీసి పరీక్ష పెట్టడం, రిపోర్టు కొట్టడం. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూసే క్రియాటినిన్ పరీక్ష వేల సార్లు చేసి ఉంటాను. పిక్రిక్ యాసిడ్ కలిసిన పసుపుపచ్చ ద్రావణంలో సీరం వేస్తే అది నారింజ రంగుకు తిరుగుతుంది. రంగు ఎంత ముదిరితే క్రియాటినిన్ అంత ఎక్కువ. 1886లో జాఫే అనే శాస్త్రవేత్త గమనించిన సంగతి ఇది, మాలాంటి చిన్న ల్యాబుల్లో ఇప్పటికీ దీనితోనే పని నడుస్తోంది. మిషన్ ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకె రిపోర్టులో కొడతాం. పక్కన 'నార్మల్ 0.6 – 1.4' అని ముందే అచ్చయి ఉంటుంది. అంకె ఆ రెండింటి మధ్య ఉంటే సరే, దాటితే కింద గీత కొడతాం.

మా అమ్మకు 2011లో షుగర్ బయటపడింది. గుత్తి దగ్గర పల్లె మాది, రెండెకరాల శెనక్కాయ చేను, వానొస్తేనే పంట. అమ్మ బరువు ఎప్పుడూ 44, 45 కిలోలు దాటలేదు. ఏడాదికో రెండేళ్లకో నేనే రక్తం తీసి పరీక్షలు చేసేవాణ్ని. ఆ కాగితాలన్నీ రేషన్ కార్డుతో పాటు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దేవుడి పటం వెనక దాచేది. 2022లో ఆ కవరు విప్పి, నాలుగు రిపోర్టులు నేల మీద వరసగా పరిచాను. 2016లో క్రియాటినిన్ 1.1. 2018లో 1.2. 2020లో 1.4. 2022లో 2.3. నాలుగో దాని కింద ఎర్ర గీత ఉంది. మిగతా మూడింటి కింద ఏమీ లేదు. అన్నిటి మీదా నా సంతకమే.

ఆ రోజు నాకు అర్థమైంది ఇది. క్రియాటినిన్ అనేది కండ నుంచి పుట్టే వ్యర్థం. కండ ఎక్కువున్న మనిషిలో ఎక్కువ పుడుతుంది, బక్కపలచని మనిషిలో తక్కువ పుడుతుంది. 25 ఏళ్ల కుర్రాడికి 1.2 ఉంటే అతని కిడ్నీలు దాదాపు బాగానే ఉన్నట్టు. అదే 1.2 మా అమ్మలాంటి 59 ఏళ్ల ఆడమనిషికి ఉంటే కిడ్నీల పని సగానికి దగ్గరపడినట్టు. అందుకే క్రియాటినిన్, వయసు, ఆడా మగా కలిపి లెక్క కట్టే సూత్రం ఒకటి ఉంది. దాంతో వచ్చే అంకెను ఈజీఎఫ్ఆర్ అంటారు. కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడపోస్తున్నాయో చెప్పే అంచనా అది. 90, ఆపైన ఉంటే వడపోత బాగున్నట్టు. 60 లోపు పడిపోయి మూడు నెలలైనా అలాగే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. 15 లోపు అయితే చివరి దశ. ఈ సూత్రాన్ని 2009లో ఒకసారి, 2021లో ఇంకోసారి సరిచేశారు. ఫోన్లో కొడితే క్షణంలో వస్తుంది.

నేల మీద కూర్చుని ఫోన్లో అమ్మ అంకెలు కొట్టాను. 2016లో 59. 2018లో 52. 2020లో 43. 2022లో 23. మొదటి రిపోర్టు నాటికే అమ్మ 60 దిగువకు వచ్చేసింది. ఆరేళ్ల పాటు నేను 'నార్మల్' అనే గడి పక్కన సంతకాలు పెట్టాను. అంకె తప్పు కాదు, పరీక్ష తప్పు కాదు. ఆ అంకెను చదివిన తీరు తప్పు. కిడ్నీ పని సగం పోయేదాకా కూడా క్రియాటినిన్ మా గడి దాటకపోవచ్చని నా చదువులో ఎక్కడో చెప్పే ఉంటారు. రోజూ యాభై శాంపిళ్ల మధ్య అది గుర్తుకు రాలేదు.

ఇంకొక పరీక్ష కూడా ఉంది, అది చేసి ఉంటే ఇంకా ముందే తెలిసేది. షుగర్ వల్ల కిడ్నీ చెడేటప్పుడు మామూలుగా మొదట మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పడుతుంది. క్రియాటినిన్ కదలడానికి ఏళ్ల ముందే పడుతుంది. మూత్రంలోని అల్బుమిన్‌ను అదే మూత్రంలోని క్రియాటినిన్‌తో పోల్చి చూస్తారు. ఏసీఆర్ అంటారు. గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపుంటే ఫర్వాలేదు, 300 దాటితే బాగా దెబ్బతిన్నట్టు. సూది అక్కర్లేదు, పొద్దున్నే చిన్న డబ్బాలో మూత్రం ఇస్తే చాలు. షుగర్ ఉన్న ప్రతి మనిషికీ ఏడాదికొకసారి ఇది చేయాలని వైద్య మార్గదర్శకాలన్నీ చెబుతున్నాయి. మా ల్యాబుకు రోజూ వచ్చే షుగర్ చీటీల్లో ఈ పరీక్ష రాసి ఉన్నవి చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

2022 ఏప్రిల్లో అమ్మ గుత్తి సంతకని వచ్చి ల్యాబు మెట్ల మీద కూర్చుంది. చెప్పు విడుస్తుంటే చూశాను, కాలి మెట్టె వేలిలోకి దిగబడిపోయి ఉంది. పాదం వాచింది. "ఎండకు నడిచినా కదా నాయనా, దాన్నుంచి" అంది. డబ్బా ఇచ్చి మూత్రం పట్టుకు రమ్మన్నాను. మూత్రంలో ముంచి ప్రొటీన్ చూసే స్ట్రిప్పులు మా దగ్గర ఆ రోజు అయిపోయాయి. పాత పద్ధతిలో టెస్ట్ ట్యూబులో ముక్కాలు దాకా పోసి, అడుగున పట్టుకుని పైభాగాన్ని స్పిరిట్ దీపం మీద కాచాను. కింద తేటగా ఉంది, పైన తెల్లగా మబ్బు కమ్మింది. రెండు చుక్కలు ఎసిటిక్ యాసిడ్ వేశాను. ఫాస్ఫేట్లనే లవణాలయితే ఆ మబ్బు కరిగిపోవాలి, ప్రొటీన్ అయితే ఉండిపోతుంది. కరగలేదు. ఇంకా చిక్కబడి, విరిగిన పాల మాదిరి తునకలు తునకలుగా కిందికి దిగింది. అలాంటి ట్యూబులు ఎన్నో చూశాను. ఆ ట్యూబును మాత్రం స్టాండులో పెట్టడానికి చెయ్యి రాలేదు. అమ్మ బయట మెట్ల మీద కూర్చుని, పక్కనున్న ముసలాయనకు శెనక్కాయ రేటు చెబుతోంది.

అమ్మకు నొప్పి లేదు, నీరసం తప్ప ఏ బాధా లేదు. కిడ్నీ అంటే మనవాళ్లకు రాళ్లు, నడుం నొప్పి. ఈ జబ్బు అలా రాదు. మూత్రం నురగ కట్టడం, కాళ్లు, ముఖం ఉబ్బడం కనిపించేసరికి చాలాసార్లు చాలా దూరం పోయి ఉంటుంది.

కిడ్నీ జబ్బు అనగానే మన రాష్ట్రంలో అందరూ ఉద్దానం పేరు చెబుతారు. శ్రీకాకుళం జిల్లాలో షుగర్ లేని, బీపీ లేని వయసు మనుషులకు కూడా కిడ్నీలు పోతున్నాయి, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పడదు, కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. అక్కడి వాళ్ల కోసం పలాసలో ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి, రావలసిందే. కానీ నా ల్యాబు బల్ల మీదికి వచ్చే రిపోర్టుల్లో అంత అంతుపట్టని రహస్యం కనిపించదు. షుగర్, బీపీ, నొప్పి మాత్రలు. ఈ మూడే ఎక్కువ.

నొప్పి మాత్రల గురించి కాస్త చెప్పాలి. మన సీమలో చాలా ఊళ్లల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు, మించిన ఊళ్లు ఈ జిల్లాలో ఎన్నో. ఆ ఫ్లోరైడ్‌తో మోకాళ్లు, నడుములు బిగుసుకుపోతాయి. దానికి తోడు పొద్దుగూకేదాకా వంగి కలుపు తీసే పని. రాత్రికి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది, లేదా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ఎసిక్లోఫెనాక్ బిళ్ల. మా అమ్మ కొంగు ముడిలో చిల్లర పక్కన ఆ బిళ్లల స్ట్రిప్పు ఎప్పుడూ ఉండేది. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీ తనకు రక్తం తెచ్చే నాళాన్ని వెడల్పు చేసుకుని నిలదొక్కుకుంటుంది. ఈ బిళ్ల సరిగ్గా ఆ ఏర్పాటునే అడ్డుకుంటుంది. 42 డిగ్రీల ఎండలో, చేలో మరుగు లేదని ఆడవాళ్లు పొద్దంతా నీళ్లు తాగకుండా బిగబట్టుకునే చోట, సాయంత్రం ఆ బిళ్ల వేసుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. ఫ్లోరైడే నేరుగా కిడ్నీని తింటుందని గట్టి రుజువు లేదు. కానీ నీళ్లు మోకాళ్లను పట్టాయి, మోకాళ్లు బిళ్లలకు అలవాటు చేశాయి, బిళ్లలు కిడ్నీల మీద పడ్డాయి. ఈ వరస మా ఇంట్లోనే చూశాను. పైగా కిడ్నీ చెడ్డాక ఒంట్లోకి వచ్చిన ఫ్లోరైడ్ సరిగా బయటికి పోదు, ఇంకా పేరుకుంటుంది.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధ పెట్టే సంగతికి వస్తాను. ముందే తెలిస్తే మాత్రం ఏం చేస్తారు, కిడ్నీకి మందు లేదు కదా అని చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. అది పాత మాట. లోసార్టాన్ అనే బీపీ మాత్ర షుగర్ రోగుల్లో కిడ్నీ పూర్తిగా చెడిపోవడాన్ని తగ్గిస్తుందని 2001లోనే 1513 మంది మీద జరిగిన పరిశోధనలో తేలింది. ఆ తర్వాత చాలా ఏళ్లు పెద్దగా కొత్తదేమీ రాలేదు. 2019 నుంచి వరసగా వచ్చాయి. షుగర్ కోసం తయారైన డాపాగ్లిఫ్లోజిన్ మాత్రను 4304 మంది కిడ్నీ రోగుల మీద పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. మన దేశం వాళ్లూ అందులో ఉన్నారు. ఆ మొత్తం మందిలో దాదాపు మూడో వంతుకు షుగర్ లేనే లేదు. రెండేళ్ల పైచిలుకు చూస్తే, డమ్మీ మాత్ర వాడినవాళ్లలో నూటికి 14.5 మందికి కిడ్నీ పని సగం పడిపోవడమో, చివరి దశకు చేరడమో, కిడ్నీ, గుండె జబ్బులతో చనిపోవడమో జరిగింది. అసలు మాత్ర వాడినవాళ్లలో 9.2. తేడా అంత స్పష్టంగా ఉందని పరీక్షను ముందే ఆపేశారు. తర్వాత అదే రకం మాత్ర ఎంపాగ్లిఫ్లోజిన్‌తో 6609 మంది మీద చేసినా అదే దారి. ఫినెరినోన్, సెమాగ్లూటైడ్ అనే మందులు కూడా షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో పనిచేస్తాయని 2020లో ఒకటి, 2024లో ఒకటి రుజువయ్యాయి.

మన రైతులకు ఇది సులువుగా అర్థమవుతుంది. డ్రిప్పు ఫిల్టర్ మీద మోటారు ఒత్తిడి ఎక్కువైతే లోపలి జాలీ చిరుగుతుంది. షుగర్ వల్ల కిడ్నీలోని వడపోత జాలీల మీద ఒత్తిడి అలాగే పెరుగుతుంది, అల్బుమిన్ కారిపోతుంది. లోసార్టాన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు ముఖ్యంగా ఆ ఒత్తిడిని తగ్గిస్తాయి. చిరిగిన జాలీని కుట్టలేవు. అందుకే ముందు పట్టుకోవాలి.

డాపాగ్లిఫ్లోజిన్ పరిశోధనలో ఈజీఎఫ్ఆర్ 25 నుంచి 75 మధ్య ఉండి, మూత్రంలో అల్బుమిన్ పోతున్నవాళ్లను తీసుకున్నారు. అదే 2020లో మా అమ్మ అంకె 43. నేను ఆ కాగితం మీద సంతకం చేసి, "అంతా నార్మలే అమ్మా" అని చేతికిచ్చాను. ఆ మాత్ర వాడి ఉంటే డయాలసిస్ తప్పేదని చెప్పలేను. కానీ ఆ ప్రశ్న డాక్టరు ముందు పెట్టే అవకాశమే అమ్మకు దక్కలేదు. ఇప్పుడు డాపాగ్లిఫ్లోజిన్ జెనరిక్ బిళ్ల రోజుకు ఒక ప్లేటు ఉగ్గాని బజ్జీ కంటే తక్కువకు దొరుకుతోంది. డయాలసిస్‌కు వచ్చాక ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది, డయాలసిస్ ఖర్చు భరిస్తోంది. మంచిదే, అదే లేకుంటే మేము ఏమయ్యేవాళ్లమో. ముందు పెట్టాల్సిన చిన్న ఖర్చు మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు.

ఒక హెచ్చరిక కూడా రాయాలి, ఇది రోజూ చూస్తున్నాను. డాపాగ్లిఫ్లోజిన్, లోసార్టాన్ లాంటి మాత్రలు మొదలుపెట్టిన కొత్తలో క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది. జనం రిపోర్టు చూసి భయపడి మాత్ర మానేస్తారు. లోసార్టాన్ లాంటి మాత్రలు మొదలుపెట్టాక నాలుగు వారాల్లో 30 శాతం లోపు పెరిగితే ఆపనక్కర్లేదని మార్గదర్శకాలు చెబుతున్నాయి. రక్తంలో పొటాషియం పెరగకుండా మాత్రం చూసుకోవాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే వెంటనే డాక్టరును అడిగి కొన్నాళ్లు ఆపాలి. బీపీకి మంచిదని లో సోడియం ఉప్పు వాడేవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. అందులో సోడియం కొంత తగ్గించి పొటాషియం కలుపుతారు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు అది ప్రమాదం.

సిస్టాటిన్ సి అని కండతో పెద్దగా సంబంధం లేని ఇంకో పరీక్ష ఉంది. మా అమ్మలాంటి బక్క మనుషులకు అది సరిగ్గా చెబుతుంది, శాంపిల్ నగరాలకు పంపాలి. కిడ్నీ దెబ్బను ముందే పట్టే కిమ్-1, ఎన్‌గాల్ లాంటి కొత్త పరీక్షలు ఇంకా ఎక్కువగా పరిశోధనల్లోనే వాడుతున్నారు. అవి వచ్చినప్పుడు వస్తాయి. చేతిలో ఉన్నవే మనం వాడుకోవడం లేదు.

కాబట్టి మీ ద్వారా అడుగుతున్నాను. జిల్లాలో ప్రతి ల్యాబూ, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, క్రియాటినిన్ కింద ఈజీఎఫ్ఆర్ వేయాలని వైద్యశాఖ ఆదేశం ఇవ్వాలి. రియేజెంట్ ఖర్చు లేదు, సూది లేదు, వయసు ఎలాగూ రిపోర్టులో ఉంటుంది. ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్ చూస్తున్న ఏఎన్ఎంల చేతికి మూత్రం డబ్బాలు కూడా ఇవ్వాలి. షుగర్, బీపీ ఉన్నవాళ్లందరికీ ఏడాదికొకసారి ఏసీఆర్ ఉచితంగా చేయాలి. పీహెచ్‌సీలో షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఇచ్చినట్టే, డాక్టరు రాస్తే డాపాగ్లిఫ్లోజిన్ కూడా అక్కడే అందాలి. మెడికల్ షాపులవాళ్లు చీటీ లేకుండా నొప్పి మాత్రలు ఇవ్వకుండా కట్టడి చేయాలి, కనీసం షుగర్ ఉందా, బీపీ ఉందా అని ఒక్క మాట అడిగేలా చూడాలి.

నేను డాక్టర్ని కాను, జబ్బు ఇదీ అని చెప్పే అధికారం నాకు లేదు. మా ఓనరు కూడా మొదట్లో అదే అన్నారు, "రేంజ్‌లో ఉంటే మనకెందుకప్పా" అని. ఏడాదిగా ప్రతి క్రియాటినిన్ రిపోర్టు కింద పెన్నుతో ఈజీఎఫ్ఆర్ రాసి ఇస్తున్నాను. 60 లోపుంటే "ఈ కాగితం డాక్టరుకు చూపించు అవ్వా, ఊరికే కవర్లో పెట్టొద్దు" అని చెబుతున్నాను. ఈ మధ్య ఓనరు ఆపమనడం మానేశారు.

అమ్మకు 2024 సంక్రాంతి అయ్యాక డయాలసిస్ మొదలైంది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడమ చేతిలో రెండు రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేశారు. దాని మీద చెయ్యి పెడితే లోపల బోరు మోటారు తిరిగినట్టు గుర్రుమంటుంది. రోజుకు లీటరు లోపే నీళ్లు, ఈ అనంతపురం ఎండల్లో. జీవితమంతా శెనక్కాయ పండించిన మనిషి, పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువని ఇప్పుడు శెనక్కాయ ఊరిబిండి పచ్చడి కూడా నాలుక్కి రాసుకోకూడదు. నాలుగు గంటలు మంచం మీద పడుకుని, "మన చేను దగ్గర వాన పడిందా నాయనా" అని అడుగుతుంది.

రేపు మంగళవారం, డయాలసిస్ రోజు. తెల్లవారుజామున నాలుగున్నరకు అమ్మను తీసుకుని అనంతపురం బస్సెక్కాలి. ఇంతటితో ముగిస్తున్నాను.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
గుత్తి, అనంతపురం జిల్లా
(ఇంకా అక్కడే పనిచేస్తున్నాను కాబట్టి నా పేరు, ల్యాబు పేరు వేయవద్దని మనవి)